వంగిన రాడ్, తెగిన బోల్టు: ఒక 1.3 లీటర్ టర్బో ఇంజన్ కేసు

నా బల్ల మీద రెండు కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్‌ను క్రాంక్‌కి కలిపే కడ్డీలు) ఉన్నాయి. రెండూ ఒకే కారువి. ఏడాదిన్నర తేడాతో పోయిన రెండు ఇంజన్లలోంచి తీసినవి. మొదటిది మధ్యలో వంగింది, పక్క నుంచి చూస్తే మన అవగ్రహ గుర్తు 'ఽ' లాగా ఉంటుంది. రెండోదాని ఒళ్ళు నిటారుగానే ఉంది గానీ కింద క్యాప్ లేదు, ఒక బోల్టు సగంలో తెగిపోయింది. ఓనర్ రెండింటినీ గోనె సంచిలోంచి తీసి పెట్టి, "అన్నా, రెండుసార్లూ రాడ్డే పోయింది. ఈసారి ఇంకా గట్టిది వేద్దాం" అన్నాడు.

ఈ కేసు రాయడానికి ఆ మాటే కారణం. పోయింది రెండుసార్లూ రాడ్డే గానీ, చంపింది ఒక్కటే కాదు. మొదటిదాన్ని బూస్ట్, అంటే టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి, తొక్కి చంపింది. రెండోదాన్ని ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, లాగి చంపింది. ఈ తేడా తెలియకుండా పార్టులు కొంటే మూడో ఇంజన్ కూడా సంచిలోనే వస్తుంది.

నేపథ్యం

మాది చెన్నై పడమటి వైపు చిన్న షెడ్డు. కారు ఓనర్ కుర్రాడిది గుంటూరు వైపు ఊరు, చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం. అతన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఇంజన్ మాత్రం చెప్పాలి, లేకపోతే లెక్కలు అర్థం కావు. జిప్సీలోనూ ఎస్టీమ్‌లోనూ వచ్చిన 1.3 లీటర్ కుటుంబంలోది, సింగిల్ క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ ఒక్కటే), 16 వాల్వులు. బోరు 74 మి.మీ., స్ట్రోకు 75.5 మి.మీ., రాడ్ పొడవు 120 మి.మీ. కంపెనీ నుంచి సుమారు 85 హార్స్‌పవర్. బరువు తక్కువ, దొరకడం తేలిక, చెన్నై పుదుప్పేట పాత సామాన్ల బజారులో బ్లాకులు ఇంకా దొరుకుతున్నాయి. అందుకే దక్షిణాదిలో రేసింగ్ చేసేవాళ్ళకి ఇది చుట్టం లాంటి ఇంజన్.

కారు వాడకం: వారం మధ్యలో అప్పుడప్పుడూ హైవే, నెలకోసారి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్. 1990లో తెరిచిన ఈ ట్రాక్ చుట్టుకొలత 3.717 కిలోమీటర్లు. ఇంజన్‌ను ఎక్కువసేపు పై ఆర్‌పీఎంలోనే ఉంచే మలుపులు ఉన్నాయి. అంతకుముందు పందేలు షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగేవి. నాకు బోరింగ్ పని చేసిపెట్టే లేత్ పెద్దాయన ఆ రోజుల మనిషి. ఇక ముందు "పెద్దాయన" అంటే ఆయనే.

కుర్రాడి కోరిక: చక్రాల దగ్గర 170 హార్స్‌పవర్, 1.2 బార్ బూస్ట్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత), 9000 ఆర్‌పీఎం. 9000 ఎందుకు అని అడిగాను. కాసేపు టర్బో గురించి, గేరింగ్ గురించి చెప్పి, చివరికి నవ్వి "సౌండ్ బాగుంటుందన్నా" అన్నాడు. నిజం చెప్పినందుకు నాకు నచ్చాడు.

రెండు రాడ్లు చెప్పిన కథ

మొదటి ఇంజన్‌లో లోపలి పార్టులన్నీ కంపెనీవే. పైన టర్బో పెట్టి 0.5 బార్‌తో మొదలుపెట్టి 0.8కి లాగారు. నాలుగో గేరులో 2800 నుంచే ఫుల్ తొక్కడం అలవాటట. సిలిండర్‌లో పేలుడు ఒత్తిడి 90 బార్ అనుకుందాం. 74 మి.మీ. పిస్టన్ తల మీద అది దాదాపు 4 టన్నుల భారం. ఇది రాడ్‌ను కిందికి తొక్కే బలం. ఆర్‌పీఎం ఎక్కువగా ఉన్నప్పుడు పైకి దూసుకెళ్తున్న పిస్టన్ జడత్వం ఆ తొక్కుడులో కొంత మింగేస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఆ సాయం ఉండదు, పైగా నాకింగ్‌కి (పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే పేలడానికి) కావలసినంత టైమ్ దొరుకుతుంది. రాడ్ వంగింది అక్కడే. పిస్టన్ మీద రెండో రింగు (గ్యాసు కిందికి జారకుండా చుట్టూ ఉండే వలయం) కూర్చునే గట్టు కూడా విరిగింది. రింగు కొసలు ఒకదానికొకటి రుద్దుకుని మెరుస్తున్నాయి. అంటే వేడికి రింగు సాగి, గ్యాప్ పూర్తిగా మూసుకుపోయింది.

రెండో ఇంజన్‌ను వేరేచోట కట్టారు. ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన గట్టి లోహపు) రాడ్లు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, ఆర్‌పీఎంకి హద్దు పెట్టే రెవ్ లిమిటర్ 9000. మంచి సామానే. అందులో మూడో సిలిండర్ రాడ్ బోల్టు తెగింది. మిగిలిన ఏడు బోల్టులనూ విప్పి మైక్రోమీటర్‌తో కొలిచాను. ఐదు ఒకే పొడవు, 0.01 మి.మీ. లోపు తేడా. రెండు మాత్రం వాటికంటే 0.06, 0.08 మి.మీ. పొడవు. బోల్టు కూడా స్ప్రింగే, విప్పితే తన పొడవుకి తిరిగి రావాలి. రాలేదంటే హద్దు దాటి సాగినట్టు.

9000 దగ్గర అంత సాగకూడదు. నా లెక్క ఇది. పిస్టన్, దాన్ని రాడ్‌కి కలిపే పిన్, రింగులు కలిపి తూచితే 352 గ్రాములు. 9000 ఆర్‌పీఎంలో పిస్టన్ పై కొసన తిరిగేటప్పుడు దాని మీద త్వరణం దాదాపు 4500 జీ, అంటే భూమి ఆకర్షణకి 4500 రెట్లు. అంటే రాడ్ పైభాగం బరువు కలపకుండానే 1580 కేజీల లాగుడు. ఎక్కువే, అయినా ఆ బోల్టులకి మోయగలిగిన భారమే. అందుకే "నువ్వు ఎప్పుడైనా గేరు తప్పు వేశావా?" అని అడిగాను. లేదన్నాడు. నేను రెట్టించలేదు.

మూడు వారాల తర్వాత ట్యూనర్ పాత ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) లాగ్ పంపాడు. ఐదులోంచి నాలుగుకి బదులు రెండులోకి పడింది ఒకసారి. ఆర్‌పీఎం 9700 చూపించింది. కుర్రాడికి ఫోన్ చేస్తే కాసేపు మౌనం. తర్వాత "ఒక్క సెకను కూడా లేదన్నా, వెంటనే క్లచ్ నొక్కేశా" అన్నాడు. రెవ్ లిమిటర్ ఇంధనాన్నో స్పార్క్‌నో ఆపగలదు గానీ, చక్రాలు ఇంజన్‌ను తిప్పుతుంటే దాన్ని ఆపలేదు. 9700లో ఆ 352 గ్రాములు 1840 కేజీలు లాగాయి. లాగుడు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది, ఆ కొసరు 700కే 16 శాతం ఎక్కువైంది.

ఇంజన్ ఆ క్షణంలో పోలేదు, రెండు సెషన్ల తర్వాత పోయింది. బోల్టు సాగాక బిగువు తగ్గింది. ఆ తర్వాత ఎగ్జాస్ట్ చివర పిస్టన్ పైకి వచ్చిన ప్రతిసారీ క్యాప్ వెంట్రుకవాసి తెరుచుకుని మూసుకుంది. కొన్ని లక్షల సార్లు అలా జరిగాక తెగింది. ఇంకో సంగతి. బోల్టుకి అసలు కష్టం ఫుల్ బూస్ట్‌లో ఉండదు. పేలుడు స్ట్రోకులో గ్యాసు ఎదురు నొక్కుతుంది కాబట్టి లాగుడు తగ్గుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర ఎదురు నొక్కేది ఏమీ ఉండదు. పై ఆర్‌పీఎంలో కాలు తీసినప్పుడు, గేరు దించినప్పుడు రాడ్ బోల్టు ఎక్కువ బాధపడుతుంది. ఇది చాలామందికి తలకిందులుగా తోస్తుంది.

9000 గురించి వాదన

పాత డైనో (పవర్ కొలిచే యంత్రం) షీటు అడిగి తెప్పించుకున్నాను. పవర్ 7200 దాకా ఎక్కి, తర్వాత కిందికి దిగుతోంది. హెడ్డూ క్యామూ అంతకంటే ఊపిరి తీసుకోవడం లేదు. 7200 తర్వాత తిప్పే ప్రతి ఆర్‌పీఎంకీ పవర్ రాదు, భారం మాత్రం వస్తుంది. క్యామ్‌ను కొద్దిగా మార్పిస్తే పవర్ 7600 దాకా నిలబడుతుందని, గేరు మార్చాక ఆర్‌పీఎం పడిపోయే లెక్క చూసుకుంటే 8000 లిమిటర్ సరిపోతుందని చెప్పాను. సగటు పిస్టన్ వేగం 9000లో సెకనుకు 22.6 మీటర్లు, 8000లో 20.1. వినడానికి పెద్ద తేడా కాదు. జడత్వ భారం మాత్రం 8000తో పోలిస్తే 9000లో 27 శాతం ఎక్కువ.

కుర్రాడు రెండు రోజులు తీసుకుని ఒప్పుకున్నాడు. ఈ బిల్డ్ మొత్తంలో అన్నిటికంటే చవకైన నిర్ణయం అది.

పార్టుల ఎంపిక

పిస్టన్‌తో మొదలుపెట్టాను. ఫోర్జ్‌డ్‌లో మన ముందుకి వచ్చేవి ప్రధానంగా రెండు మిశ్రమాలు, 4032, 2618. మొదటిదాంట్లో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది. వేడికి తక్కువ సాగుతుంది, బోరులో బిగువుగా కూర్చుంటుంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చప్పుడు చెయ్యదు. రెండోదాంట్లో సిలికాన్ లేనట్టే. ఎక్కువ సాగుతుంది, క్లియరెన్స్ ఎక్కువ ఇవ్వాలి, వేడెక్కేదాకా టకటకలాడుతుంది. కానీ నాకింగ్ దెబ్బ తగిలితే పగలకుండా కొంత ఓర్చుకుంటుంది. మే నెలలో చెన్నై ఎండలో, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ వేడెక్కిపోయాక, ఎంత జాగ్రత్తగా ట్యూన్ చేసినా ఒకటి రెండు నాక్‌లు తప్పవని నేను ముందే ఒప్పుకుంటాను. 100 ఆక్టేన్ పెట్రోలు ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్‌లో తెచ్చింది, కానీ ప్రతి బంకులోనూ ఉండదు. దారిలో మామూలు పెట్రోలు పోయించుకునే రోజు వస్తుంది. అందుకే 2618. బోరు క్లియరెన్స్ తయారీదారు షీటు ప్రకారం 0.08 మి.మీ. పెద్దాయన హోనింగ్ చేసి గేజ్ చూపిస్తూ, "ఏం నాయనా, ఇంత వదులా? పాత లారీ అనుకున్నావా?" అన్నారు. పిస్టన్ వేడెక్కాక ఎంత పెరుగుతుందో కాగితం మీద రాసి చూపిస్తే, కళ్ళజోడు సర్దుకుని మరోసారి కొలిచి ఇచ్చారు.

రింగు గ్యాప్ దగ్గర మొదటి ఇంజన్ పాఠం గుర్తుంది. 74 మి.మీ. బోరుకి టర్బో లేకపోతే పై రింగుకి 0.33 మి.మీ. ఇచ్చేవాణ్ణి. దీనికి 0.41 పెట్టాను. గ్యాప్ కొంచెం ఎక్కువైతే కాస్త గ్యాసు కిందికి జారుతుంది, అంతే. తక్కువైతే పిస్టన్ పోతుంది.

గడ్జన్ పిన్ దగ్గర నాకు రెండు రోజులు పట్టింది. ఆర్‌పీఎం వైపు నుంచి చూస్తే పిన్ తేలిగ్గా ఉండాలి. 8000లో ప్రతి 10 గ్రాములకీ 35 కేజీల లాగుడు తగ్గుతుంది. బూస్ట్ వైపు నుంచి చూస్తే, 4 టన్నులు నెత్తిన పడ్డప్పుడు పల్చటి పిన్ అరటి బోదెలా వంగి పిస్టన్‌ను లోపలి నుంచి చీలుస్తుంది. రెవ్ కోసం కట్టే ఇంజన్‌కీ బూస్ట్ కోసం కట్టే ఇంజన్‌కీ నడుమ తగువు ఎక్కడ పడుతుందో చూడాలంటే ఈ వేలెడంత గొట్టాన్ని చూస్తే చాలు. గోడ మందం ముట్టుకోకుండా పొడవు మాత్రం తగ్గిన పిన్ ఎంచుకున్నాను. మిగతా బరువు పిస్టన్ స్కర్టులో తగ్గించాం. మొత్తం 318 గ్రాములకి వచ్చింది. 8000లో లాగుడు 1130 కేజీలు, పాత బిల్డ్ 9000లో లాగినదానికంటే దాదాపు 29 శాతం తక్కువ.

రాడ్లు మాత్రం రెండో ఇంజన్‌లో ఉన్న ఫోర్జ్‌డ్ రకమే, అదే తయారీదారువి, అవే హెచ్-బీమ్ (అడ్డకోత 'H' ఆకారంలో ఉండేవి) వేశాను. కుర్రాడు అడిగిన "ఇంకా గట్టి రాడ్" బరువు ఎక్కువ, దాంతో బేరింగ్ మీద భారం ఎక్కువ. తప్పు రాడ్‌ది కానప్పుడు దాన్ని ఎందుకు మార్చాలి? బోల్టులు మాత్రం కొత్తవి. టార్క్ రెంచ్‌ను నమ్మకుండా స్ట్రెచ్ గేజ్ పెట్టి, ఒక్కో బోల్టు ఎంత సాగిందో కొలుస్తూ బిగించాను. మరకి ఏ నూనె రాశామన్నదాన్ని బట్టి అదే టార్క్‌కి బోల్టు ఒక్కోలా సాగుతుంది. ప్రతి బోల్టు విడి పొడవూ డైరీలో రాసుకున్నాను. తర్వాత అదే అక్కరకొచ్చింది.

బేరింగ్ క్లియరెన్స్ 0.05, కొంచెం చిక్కటి ఆయిల్, సంప్‌లో అడ్డ రేకులు. వీటిలో కొత్త సంగతేమీ లేదు.

నేను తప్పిన చోటు

ఇంజన్ కట్టాం, రన్నింగ్ ఇన్ అయింది, డైనో ఎక్కించాం. 7400 దగ్గర ఇంజన్ తడబడింది. పట్ పట్ మని మిస్ అయి, పవర్ గీత చెయ్యి వణికినట్టు వచ్చింది.

ట్యూనర్ వెంటనే స్పార్క్ అన్నాడు. బూస్ట్ ఎక్కువైతే నిప్పురవ్వ ఆరిపోతుందన్నది నిజమే. ప్లగ్ గ్యాప్ 0.8 నుంచి 0.6కి తగ్గించాం. మార్పు లేదు. కాయిళ్ళు మార్చాం. లేదు. బూస్ట్ 1.2 నుంచి 0.9కి తగ్గిస్తే తడబాటు 7800కి జరిగింది. "చూశావా అన్నా, స్పార్కే" అన్నాడు ట్యూనర్. నేనూ తల ఊపాను. రెండు వారాలు ఆ దారిలోనే పోయాయి. కుర్రాడి డబ్బు, నా పరువు, ఇద్దరి నిద్ర పోయాయి.

ఒకరోజు రాత్రి షీటు ముందేసుకుని కూర్చుంటే వెలిగింది. స్పార్క్ ఆరిపోయేదైతే సిలిండర్‌లో ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ ఉన్నచోట, అంటే టార్క్ శిఖరం దగ్గర ఆరాలి. ఇక్కడ ఆ శిఖరం 5500. అక్కడ గీత గాజులా నున్నగా ఉంది. బూస్ట్‌తో పాటు ఆర్‌పీఎం కూడా కలిస్తేనే వచ్చే రోగం ఇంకొకటి ఉంది, వాల్వు తేలిపోవడం, అంటే స్ప్రింగు దాన్ని సమయానికి మూసి పట్టుకోలేకపోవడం.

స్ప్రింగుల లెక్క నేను చెయ్యకపోలేదు. ఇన్‌టేక్ వాల్వుల వెనక బూస్ట్ నొక్కుతుందని లెక్క వేసి, సీటు మీద 27 కేజీల స్ప్రింగు ఎంచుకున్నాను. ఎగ్జాస్ట్ వైపు చూడలేదు. టర్బోకి ముందు మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఎంతో ఎవరం కొలవలేదు. మానిఫోల్డ్‌కి చిన్న రంధ్రం వేసి, వేడికి గేజ్ కాలిపోకుండా బ్రేకు పైపు నాలుగు చుట్లు చుట్టి బిగించి కొలిచాం. 7500లో 2.1 బార్! లోపల 1.2 బార్ తోయడానికి బయట 2.1 బార్ కడుతున్నాం. టర్బైన్ హౌసింగ్ (ఎగ్జాస్ట్ గ్యాసు టర్బోను తిప్పుతూ పోయే గూడు) ఈ ఇంజన్‌కి ఇరుకు.

25 మి.మీ. ఎగ్జాస్ట్ వాల్వు వెనక 2.1 బార్ అంటే 10 కేజీల పైన. సిలిండర్ లోపలి ఒత్తిడి ఎదురు నిలుస్తుంది కాబట్టి అదంతా స్ప్రింగు మీద పడదు. కానీ గేజ్ చూపేది సగటు మాత్రమే. ఈ ఇంజన్‌లో సిలిండర్లు పేలే వరస 1-3-4-2. ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటున్న సమయానికే మూడోది తన వాల్వు తెరిచి, మండిన గ్యాసును మానిఫోల్డ్‌లోకి తుపాకీ దెబ్బలా వదులుతుంది. ఆ దెబ్బ సీటు మీద కూర్చోబోతున్న ఒకటో వాల్వు వీపున తగులుతుంది. హెడ్ దించి చూస్తే సీట్ల మీద వాల్వు ఎగిరెగిరి పడ్డ గుర్తులు ఎగ్జాస్ట్ వైపే ఉన్నాయి. ఇన్‌టేక్ వైపు శుభ్రంగా ఉంది.

ఇంకా గట్టి స్ప్రింగులు పెట్టడం ఒక దారి. పెట్టొచ్చు, కానీ రాకర్లూ క్యామూ అరిగిపోతాయి. రోగాన్ని వదిలేసి కట్టు గట్టిగా కట్టినట్టు అవుతుంది. టర్బైన్ హౌసింగ్ ఒక సైజు పెంచి, స్ప్రింగు 27 నుంచి 32 కేజీలకి మాత్రం పెంచాను. మానిఫోల్డ్ ఒత్తిడి 1.4 బార్‌కి దిగింది. దానికి కట్టిన మూల్యం, బూస్ట్ 3400కి బదులు 3900లో వస్తుంది. కుర్రాడు మొహం ముడుచుకున్నాడు. ఆ 500 ఆర్‌పీఎం ఆలస్యమే మొదటి రాడ్‌ను వంచిన తొక్కుడు నుంచి ఇంకో రక్ష అని చెబితే, "మీరు ప్రతిదానికీ ఒకటి చెబుతారన్నా" అన్నాడు. అదీ నిజమే.

హౌసింగ్ ఇరుకు తగ్గాక, 1.2 కాదు, 1.1 బార్‌లోనే చక్రాల దగ్గర 172 వచ్చింది. గీత 7600 దాకా నిలబడి మెల్లగా వంగింది. 8000 దాకా ఎక్కడా తడబాటు లేదు.

ఇప్పుడు మళ్ళీ చేస్తే నేను మొదట కొలిచేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒత్తిడినే, పిస్టన్ ఆర్డర్ పెట్టకముందే. పాత ఇంజన్ మీద ఒక గంట పని. మొదటిసారి దాన్ని టర్బో పెట్టేవాడి పనిగా అనుకుని పక్కన పెట్టాను. వాల్వు స్ప్రింగుకి ఆ పంపకాలు తెలియవు.

తర్వాత

ట్రాక్ మీద 14 గంటలు నడిచాక, ముందే మాట్లాడుకున్న ప్రకారం ఇంజన్ దించాం. పిస్టన్ స్కర్టుల మీద గీతలు మామూలే. రింగు కొసలు రుద్దుకోలేదు. ఎగ్జాస్ట్ సీట్లు శుభ్రం. మూడో సిలిండర్ బేరింగ్ మిగతా మూడింటికంటే ఒక పిసరు ఎక్కువ అరిగింది. పొడవాటి కుడి మలుపులో ఆయిల్ ప్రెషర్ ఒక క్షణం దిగుతున్నట్టు లాగ్‌లో ఉంది. అడ్డ రేకును ఇంకొంచెం పెంచాను. అదే కారణమో కాదో తర్వాతి విప్పుడులో తెలుస్తుంది.

రాడ్ బోల్టుల పొడవు డైరీతో పోల్చాను. ఏడు రాసుకున్నంతే ఉన్నాయి. ఒకటి 0.02 మి.మీ. ఎక్కువ. కుర్రాడిని అడిగాను. "ఈసారి నిజంగా లేదన్నా, లాగ్ చూసుకోండి" అన్నాడు. చూశాను. గరిష్ఠం 8060. బిగించేటప్పుడు ఆ బోల్టు దగ్గర నా గేజే ఒక గీత పక్కకి జరిగిందేమో.

ఎనిమిదీ మార్చాను. బిల్లులో వాటి ధర నా ఖాతాలో వేసుకున్నాను.